కీమో రోజుల్లో తిండి, 3వ పాఠం: ఇష్టమైన కూర ఆ రోజు వద్దు

పోయిన పాఠంలో హోంవర్క్ ఇచ్చాను కదా, వారం రోజులు ఏ వాసనకి కడుపులో తిప్పిందో టైంతో సహా చిన్న నోట్‌బుక్‌లో రాయమని, రాసినవాళ్ళు అది తీసి పక్కన పెట్టుకోండి. రాయనివాళ్ళు కూడా చదవండి పర్లేదు, నేనూ మొదటి రెండు సైకిల్స్ (అంటే కీమో విడతలు) ఏమీ రాసుకోలేదు, అందుకే గుత్తొంకాయ కూర పోగొట్టుకున్నాను.

ఆ కథ చెప్పేస్తాను, ఇవాల్టి పాఠమంతా దాని మీదే. నాది బ్రెస్ట్ కేన్సర్, మొదటి నాలుగు సైకిల్స్ ఎర్ర మందు, అంటే ఎర్రగా ఉండే కీమో మందు, 21 రోజులకొకటి. మొదటి రోజు అమ్మ తెల్లారగట్ల నాలుక్కే లేచి, ముందురోజు ఊరినించి తెచ్చిన లేత వంకాయలకి నువ్వులు, వేరుశనగపప్పు వేయించి నూరిన కారం కూరి, స్టీల్ క్యారియర్‌లో పెట్టి తెచ్చింది. "లోపలికెళ్తే మళ్ళీ ఎప్పుడు తింటావో ఏమో, నాలుగు ముద్దలు తినవే తల్లీ" అంది. నాలుగు కాదు, ఉన్నదంతా తిన్నాను, అంత బాగుంది. పదకొండింటికి డ్రిప్ పెట్టారు, అక్కడ ఏమీ అవ్వలేదు, నర్సమ్మతో కబుర్లు కూడా చెప్పాను. సాయంత్రం ఇంటికొచ్చాక మొదలైంది, రాత్రంతా బకెట్ పక్కనే.

మూడు వారాల తర్వాత, మనిషిని బాగానే ఉన్నాను, ఆకలి కూడా వేస్తోంది, అమ్మ మళ్ళీ అదే కూర చేసి క్యారియర్ గడియ తీసింది, ఆ టప్ మనే చప్పుడుకే నోట్లో నీళ్ళూరాయి. తినబుద్ధేసి ఊరేవి కాదు, వాంతికి ముందు ఊరతాయి చూడండి, అవి. మూత తీసేలోపు నేను బాత్‌రూంలో ఉన్నాను. బయటికొచ్చేసరికి అమ్మ కూర చివర వేలు ముంచి నాకి చూస్తోంది, ఉప్పెక్కువైందేమోనని.

ఇక్కడ జరిగింది రుచి పోవడం కాదు, వేరే విషయం. 1వ పాఠంలో చెప్పుకున్నాం, నాలుక మీద రుచి కణాలు పది పదిహేను రోజులకోసారి కొత్తవి పుడుతుంటాయి, ముక్కులో వాసన పట్టేవీ మారుతుంటాయి, త్వరగా పెరిగే కణాలని కొట్టే మందు కాబట్టి వీటినీ కొడుతుంది, దానివల్ల అన్నీ చేదుగానో తుప్పు రుచిగానో చప్పగానో ఉంటాయి. అది నోటి సమస్య. గుత్తొంకాయది బుర్ర సమస్య. ఫలానాది తిన్నాక వాంతయ్యింది కాబట్టి ఫలానాది విషం, ఇక దగ్గరికి రానివ్వకు, అని శరీరం మనల్ని అడక్కుండా రాసేసుకుంటుంది. తినడానికీ వాంతికీ మధ్య కొన్ని గంటలు గడిచినా రాసుకుంటుంది, ఒక్కసారి చాలు, రెండోసారి అక్కర్లేదు. మందు వల్లే వాంతి అయ్యిందని మనకి తెలుసు కదా అంటారా, తెలిసి ఏం లాభం, కడుపుకి చదువు రాదు.

రెండింటికీ తేడా ఎలా పట్టాలంటే నోట్‌బుక్ చూడండి. మంచినీళ్ళతో సహా అన్నీ బాగోకపోతే నోటి సమస్య, దానికి 2వ పాఠంలో చెప్పిన సోడా ఉప్పు నీళ్ళ పుక్కిలింత (గ్లాసు గోరువెచ్చని నీళ్ళకి పావు చెంచా వంటసోడా, అందులో సగం ఉప్పు, మింగకూడదు), స్టీల్ స్పూన్ బదులు ప్లాస్టిక్‌దో చెక్కదో, అవి చెయ్యండి. నాలుక మీద తెల్లగా పెరుగు తరకల్లా ఉంటే మాత్రం అది ఫంగస్ అయ్యుండచ్చు, డాక్టర్‌కి చూపించాలి, మందుంది. అన్నీ పర్లేదు గానీ ఫలానా రెండు మూడే చూస్తే కడుపులో తిప్పుతోందీ అంటే మాత్రం ఇవాల్టి పాఠం మీకోసమే.

ఇది కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. 1955లో జాన్ గార్సియా అనే ఆయన ఎలుకలకి తియ్యటి శాకరిన్ నీళ్ళు తాగుతున్న టైంలో రేడియేషన్ ఇస్తే, అవి తర్వాత ఆ తీపి నీళ్ళ జోలికెళ్ళడం మానేశాయి. 1978లో అమెరికాలో సియాటెల్‌లో ఐలీన్ బెర్న్‌స్టీన్ అనే ఆవిడ కీమో తీసుకునే పిల్లలకి డ్రిప్‌కి ముందు ఒక వింత ఫ్లేవర్ ఐస్‌క్రీం పెట్టింది, కొన్ని వారాల తర్వాత మళ్ళీ ఇస్తే చాలామంది వద్దన్నారు, కీమోకి ముందు ఐస్‌క్రీం తినని పిల్లలు మాత్రం ఎక్కువమంది తిన్నారు. పిల్లలు ఐస్‌క్రీం వద్దనడం, ఆలోచించండి.

మనకి పనికొచ్చేది ఆ తర్వాతది. 1987లో ఆవిడే ఇంకొకరితో కలిసి ఏం చేసిందంటే, పిల్లలు మామూలు భోజనం చేశాక, కీమోకి ముందు, గట్టి ఫ్లేవర్ ఉన్న బిళ్ళ ఒకటి చప్పరించమంది. ఆ అసహ్యం ఎక్కువగా బిళ్ళ మీదికి పోయింది, భోజనం చాలావరకు బతికిపోయింది. దిష్టి తియ్యడానికి గుమ్మడికాయ కొడతాం చూడండి, ఇంటికి తగలాల్సింది కాయకి తగలాలని, అచ్చం అదే. అందుకే నేను దీన్ని దిష్టిబిళ్ళ అంటాను, మా ఆయన నవ్వినా సరే.

ఇప్పుడు నేర్చుకుందాం. దిష్టిబిళ్ళ ఎలాంటిది కావాలంటే వాసన, రుచి గట్టిగా ఉండాలి, మీరు మామూలుగా తిననిది అయ్యుండాలి, జన్మలో మళ్ళీ తినకపోయినా బాధ లేనిది అయ్యుండాలి. నేను లిచీ ఫ్లేవర్ బిళ్ళ పెట్టుకున్నాను, మా ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. పిప్పరమెంటు, అల్లం, నిమ్మకాయ మాత్రం పెట్టుకోకండి, వికారానికి అవి చప్పరిస్తాం కదా, వాటినే బలిస్తే రేపు దేంతో ఓదార్చుకుంటారు. ఎండుకొబ్బరి కూడా వద్దు, కొబ్బరి పోతే మన వంటిల్లు సగం పోయినట్టే. షుగరున్నవాళ్ళు షుగర్ లేని బిళ్ళ చూసుకోండి, నోట్లో పుళ్ళున్నవాళ్ళు గట్టి బిళ్ళ, పుల్లబిళ్ళ మానేయండి, గీసుకుంటుంది.

టైమింగ్ ఇదీ: డ్రిప్‌కి రెండు మూడు గంటల ముందు తేలికగా తినండి, ఖాళీ కడుపుతో వెళ్ళకండి, ఖాళీ కడుపుకి వికారం ఇంకా ఎక్కువ. తినేది ఇడ్లీయో, బ్రెడ్డో, మరమరాలో, పోయినా పెద్దగా ఏడవనిది. ఇడ్లీ మీ ప్రాణమైతే ఇడ్లీ వద్దు, ఇంకోటి. అది తిన్నాక, డ్రిప్ మొదలయ్యే ముందు దిష్టిబిళ్ళ ఒకటి నోట్లో వేసుకుని మెల్లగా కరగనివ్వండి, నమిలెయ్యకండి. అంతే. నూటికి నూరుపాళ్ళు ఆగుతుందని చెప్పను, నాకు ఇడ్లీ బతికింది గానీ ఆస్పత్రి క్యాంటీన్ కాఫీ వాసన మాత్రం పోయింది, ఎందుకంటే బిళ్ళ వేసుకున్నాక మా ఆయన పక్కన కూర్చుని అదే తాగుతున్నాడు.

మర్చిపోకూడని సంగతి ఒకటుంది, వికారం ఎంత తక్కువైతే శరీరం ఫలానాది విషమని రాసుకోవడం అంత తక్కువ. కాబట్టి వాంతుల మాత్రలు వాంతి వచ్చాక చూద్దాంలే అని దాచకండి, ఏ రోజు ఏ టైంకి అని రాసిచ్చారో ఆ టైంకే వేసుకోండి, అవి పని చెయ్యకపోతే నోరు తెరిచి చెప్పండి, వేరేవి ఉన్నాయి, మారుస్తారు. నేను మొదటి సైకిల్‌లో మాత్రలెందుకు ఎక్కువ అని ఒక పూట మానేశాను, గుత్తొంకాయకి సగం పాపం నాది.

ఇక ఇంట్లోవాళ్ళకి. అమ్మలూ అత్తయ్యలూ, మీ మీద కోపం లేదు, ప్రేమంతా వంటలోనే చూపిస్తారు, కానీ కీమో రోజు, తర్వాత రెండు మూడు రోజులు పేషెంట్‌కి ఇష్టమైంది వండకండి. ఆ ప్రేమని రెండో వారం చివరకో మూడో వారానికో దాచండి, అప్పుడు నోరు కాస్త తెరుచుకుంటుంది. ఇంగువ తాలింపు, ఎండుచేపలు, గుడ్డు నీచు, కుక్కర్ ఆవిరి, ఇవి ఆ మూడు రోజులు ఇంట్లో లేకుండా ఉంటే అదృష్టం, పక్కింట్లో వండించుకోవడానికి మొహమాటపడకండి. క్యారియర్ మూత గది బయటే తీయండి, ఆవిరంతా పోయాక పింగాణీ గిన్నెలో వేసి తెండి, చల్లారిన తిండికి వాసన తక్కువ, కానీ గంటలకొద్దీ బయట ఉంచకండి, తెల్లకణాలు తగ్గే రోజులవి. జావ, మజ్జిగ లాంటివి మూతున్న కప్పులో స్ట్రా పెట్టిస్తే ముక్కుకి తెలియకుండా వెళ్ళిపోతాయి. ఒక్కటి జాగ్రత్త, ఆక్సాలిప్లాటిన్ అనే మందు ఎక్కించుకునేవాళ్ళకి చల్లటివి ముట్టుకున్నా తాగినా వేళ్ళూ గొంతూ కరెంటు కొట్టినట్టు అవుతాయి, వాళ్ళకి ఫ్రిజ్‌లోవి కాదు, గది వేడిలోవే.

ఆల్రెడీ పోగొట్టుకున్న కూర సంగతి అడుగుతారని తెలుసు. బలవంతంగా తినకండి, తిని మళ్ళీ వాంతి చేసుకుంటే ఇంకా గట్టిగా రాసుకుంటుంది. కీమో నడుస్తున్నంతకాలం దాన్ని వదిలేయండి. అయిపోయి వికారం పూర్తిగా తగ్గాక, మంచిగా ఆకలేసిన రోజు, వేషం మార్చి తెండి. నేను చివరి డోసు తర్వాత నాలుగు నెలలకి కాల్చిన వంకాయ పచ్చడితో మొదలుపెట్టాను, నువ్వుల్లేకుండా, స్టీల్ గిన్నె కాకుండా, అన్నంలో చెంచాడు. తర్వాత వంకాయ వేపుడు. వాంతి లేకుండా తిన్న ప్రతిసారీ ఆ పాత రాత కొంచెం చెరిగింది. గుత్తొంకాయకి ఇంకో మూడు నెలలు పట్టింది, ఆ క్యారియర్ మాత్రం అమ్మ మా చెల్లికిచ్చేసింది.

ఈ పాఠం పక్కన పెట్టి ఫోన్ చెయ్యాల్సినవి కూడా చెప్పేస్తాను: రోజంతా నీళ్ళు కూడా కడుపులో నిలవకపోయినా, ఒంటేలు బాగా తగ్గినా, 100.4 డిగ్రీలు జ్వరం వచ్చినా, ఇవి వాసన గొడవ కాదు, రాత్రైనా సరే ఆస్పత్రికే.

హోంవర్క్: తర్వాతి సైకిల్ లోపు మూడు జాబితాలు రాయండి. కాపాడుకోవాల్సినవి, ఆ రోజు తినగలిగే మామూలువి, దిష్టిబిళ్ళ. మొదటి జాబితా వంటింట్లో గోడకి అంటించండి, వండేవాళ్ళకి కనపడేలా. 4వ పాఠంలో మాంసం తుప్పు రుచి వస్తున్నప్పుడు ప్రొటీన్ ఎక్కడ దొరుకుతుందో చూద్దాం, పెసరట్టు నుంచి మొదలుపెడతాను. అన్నట్టు దిష్టిబిళ్ళ ఫ్లేవర్ ఏదో ఇంట్లోవాళ్ళకీ చెప్పి ఉంచండి, మొన్న పెళ్ళిలో మా మేనకోడలు ప్రేమగా నా చేతిలో లిచీ జ్యూస్ పెట్టింది, గ్లాసు మా ఆయనకిచ్చేసి గాలి కోసం బయటికి పరిగెత్తాను.