కాఫీ నారుకు సూడోమోనాస్ వాడే పద్ధతి

తుప్పు తెగులు సోకిన కాఫీ ఆకును తిప్పి చూస్తే అడుగున నారింజ రంగు పొడి ఉంటుంది, రాస్తే వేలికి అంటుతుంది. అప్పటికి ఏ బ్యాక్టీరియా పొడి చల్లినా ఆ ఆకు దక్కదు. శృంగవరపుకోట దగ్గర మా నర్సరీలో నారు కొని అనంతగిరి కొండెక్కే రైతులకు ముందు ఈ మాటే చెబుతాను. సూడోమోనాస్ ఫ్లోరోసెన్స్ అనే మేలు చేసే బ్యాక్టీరియా పని వేరు దగ్గర మొదలవుతుంది. అందుకే మొక్క సంచిలో ఉండగానే వాడాలి.

అది వేరును అంటిపెట్టుకుని పెరుగుతుంది. మొక్క దాన్ని గుర్తించి, జాస్మోనిక్ ఆమ్లం, ఇథిలీన్ అనే తన సొంత రసాయనాల సంకేతాలతో ఆకుల దాకా కబురు పంపుతుంది. తర్వాత తెగులు తెచ్చే శిలీంధ్రం వాలితే మొక్క త్వరగా ఎదురు తిరుగుతుంది. 1991లో కార్నేషన్, దోస మొక్కల్లో శాస్త్రవేత్తలు ఈ సంగతిని చూపించారు.

సంచి మట్టికి ఆరు పాళ్లు అడవి మట్టి, రెండు పాళ్లు మాగిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక కావాలి. నేను సూడోమోనాస్ పొడిని ఎరువులోనే కలుపుతాను, 50 కిలోలకు ఒక కిలో. నీళ్లు చిలకరించి, నీడలో కుప్ప పోసి, తడి గోనెపట్టా కప్పి వారం పది రోజులు వదిలేస్తాను. ఎరువును పిడికిట్లో పిసికితే ముద్ద కట్టాలి గానీ వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు. కుప్పలోకి చెయ్యి పెడితే వేడి తగిలిందంటే ఎరువు ఇంకా మాగలేదు. అలాంటి దాంట్లో పొడి కలపకండి, డబ్బు దండగ.

గింజలకైతే కిలోకు 10 గ్రాములు పట్టించి, నీడలో ఆరబెట్టి విత్తాలి. మొలకలను సంచుల్లోకి మార్చాక లీటరు నీటికి 10 గ్రాముల చొప్పున కలిపి, సాయంత్రం పూట మొదళ్లలో పోయాలి. కొండ మీద నాటే ముందు మరోసారి పోస్తే మంచిది. కొన్ని సంచులకు ఏమీ వేయకుండా గుర్తు పెట్టి ఉంచండి. రెండు రకాల మొక్కల వేళ్లూ కడిగి పక్కపక్కన పెట్టి చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

రాగి మందులు ఈ బ్యాక్టీరియాను చంపుతాయి. మైలుతుత్తం, సున్నం కలిపి చేసే బోర్డో మిశ్రమంతో ఒకే డ్రమ్ములో కలపవద్దు, రెంటికీ మధ్య కనీసం రెండు వారాల ఎడం ఇవ్వండి. అలాగని తోటలో వానలకు ముందు కొట్టే అర శాతం బోర్డోను మానేయకండి. సూడోమోనాస్ దానికి తోడు మాత్రమే.

పొట్లం కొనేటప్పుడు తయారీ తేదీ, గడువు తేదీ రెండూ చూడండి. లోపల ఉన్నది ప్రాణమున్న సరుకు. బస్సు టాపు మీద ఎండలో పడేయకుండా చేతి సంచిలో పెట్టుకుని ఎక్కండి.