స్కాన్ చేసే మెనూ – 4వ పాఠం: కోడ్‌లో ఉన్న చిరునామా ఎవరిది?

ఈ పాఠంలో హోటల్ బల్లల వారీగా వేర్వేరు క్యూఆర్ కోడ్‌లు తయారుచేయడం నేర్చుకోవలసి ఉంది. అయితే గత పాఠంలోని అభ్యాసం చేసి కోడ్‌లు ముద్రించుకున్నవారిలో చాలామంది ఇంచుమించు ఒకే ఫిర్యాదుతో తిరిగి వచ్చారు. ముద్రించిన నాడు చక్కగా పనిచేసిన కోడ్, కొన్నాళ్లకు మెనూకు బదులు గడువు ముగిసిందని చెప్పే పేజీని చూపిస్తోందని కొందరు, మెనూ తెరుచుకునే ముందు ఎవరిదో ప్రకటన వస్తోందని మరికొందరు, గడులు మరీ సన్నగా ఉండి ఫోన్ వాటిని పట్టుకోలేకపోతోందని ఇంకొందరు రాశారు. ఇవి మూడు వేర్వేరు జబ్బుల్లా కనిపిస్తాయి గానీ, మూడింటికీ మూలం కోడ్‌లోపల రాసి ఉన్న చిరునామాయే. అందుచేత బల్లల సంగతిని చివరకు నెట్టి, ముందుగా ఈ చిక్కు విప్పుకుందాం.

క్యూఆర్ కోడ్‌కు గడువు అనేది ఉండదు. జపాన్‌కు చెందిన డెన్సో వేవ్ సంస్థ 1994లో దీనిని రూపొందించింది. ఆ తర్వాత ఇది ఐఎస్ఓ 18004 పేరిట అంతర్జాతీయ ప్రమాణం అయింది. ప్రమాణానికి కట్టుబడి తయారుచేసిన కోడ్‌లపై తన పేటెంటు హక్కును ప్రయోగించబోనని ఆ సంస్థే ప్రకటించింది. కోడ్ అంటే కొన్ని అక్షరాలను నలుపు తెలుపు గడులుగా గీసిన బొమ్మ మాత్రమే కాబట్టి, కాగితం చిరగనంతకాలం ఆ అక్షరాలు అందులో అలాగే ఉంటాయి. గడువు తీరేది ఆ అక్షరాలు సూచించే చిరునామాకు.

ఉచితంగా కోడ్ తయారుచేసి ఇచ్చే సేవలు సాధారణంగా రెండు రకాలు అందజేస్తాయి. స్థిర కోడ్‌లో మీరిచ్చిన చిరునామాయే నేరుగా ఉంటుంది. డైనమిక్ కోడ్‌లో మాత్రం ఆ సేవ తన సొంత చిరునామా ఒకటి పెట్టి, అక్కడికి వచ్చినవారిని మీ మెనూకు పంపుతుంది. ఎందరు స్కాన్ చేశారో లెక్క చూపిస్తామని, ముద్రించాక కూడా లింకు మార్చుకోవచ్చని చెప్పి చాలా సేవలు రెండో రకాన్నే ముందు పెడతాయి. ఆ సదుపాయాలు నిజమైనవే. కానీ ప్రయోగకాలం ముగిశాక డబ్బు కట్టకపోతే మధ్యలో ఉన్న ఆ చిరునామా మూతపడుతుంది, లేదా ప్రకటనలు చూపడం మొదలుపెడుతుంది. ఇది ఇంకొకరి ఇంటి గోడకు మన బోర్డు తగిలించుకోవడం లాంటిది; గోడ యజమాని ఏ రోజు తీసేయమన్నా మనం చేయగలిగింది ఏమీ ఉండదు.

మీ కోడ్ ఏ రకమో తేల్చుకోవడానికి అర నిమిషం చాలు. ఫోన్ కెమెరాను కోడ్ మీద పెట్టగానే తెర మీద చిన్న పట్టీలో ఒక చిరునామా కనిపిస్తుంది. దానిని నొక్కకుండా ముందు చదవండి. కొన్ని ఫోన్లు డొమైన్ పేరును మాత్రమే చూపిస్తాయి గనుక, వేలితో కాసేపు అదిమిపట్టి లింకును కాపీ చేసి, నోట్స్‌లో అతికించి మొత్తం చూడండి. అక్కడ మీ డొమైన్ ఉంటే కోడ్ మీది. ఇంకే పేరు కనిపించినా, అది ఎంత పేరున్న సేవ అయినా, ఆ ముద్రణను పక్కన పెట్టవలసిందే. 'స్కాన్ చేస్తే మెనూ వచ్చింది, కాబట్టి సరిగానే ఉంది' అని రాసినవారికి చెప్పేదేమిటంటే, మెనూ రావడం ఆ రోజుకు సంబంధించిన సాక్ష్యం మాత్రమే. ముద్రించేవారికి పంపే ముందు చూడవలసింది తెరుచుకున్న పేజీని కాదు, పట్టీలోని చిరునామాను.

మరి ముద్రించాక లింకు మార్చుకునే సదుపాయం మనకు వద్దా అంటే, తప్పకుండా కావాలి. ఆ మలుపు మన డొమైన్‌లోనే ఉండాలన్నదే ఇక్కడి విషయం. కోడ్‌లో మీ డొమైన్, ఒక ఏటవాలు గీత, దాని తర్వాత ఒకటి రెండు అక్షరాలు మాత్రమే పెట్టండి. అక్కడికి వచ్చినవారిని అసలు మెనూ పేజీకి పంపే రీడైరెక్ట్‌ను మీ హోస్టింగ్ ప్యానెల్‌లో అమర్చుకోండి. డొమైన్ కొనడం, పేజీ తయారుచేయడం ఇప్పటికే వచ్చు గనుక అవి మళ్లీ చెప్పను. డొమైన్ మీ పేరిట, మీ ఈమెయిల్‌తో నమోదై ఉండాలన్నది మాత్రం గుర్తుంచుకోండి. సైటు చేసి పెట్టినవారి ఖాతాలో అది ఉండిపోతే చిరునామా మళ్లీ పరాయిదే అవుతుంది.

రీడైరెక్ట్ అమర్చేటప్పుడు ప్యానెల్ ఒక ప్రశ్న అడుగుతుంది: ఇది శాశ్వతమా, తాత్కాలికమా? ఇక్కడే నాకు విసుగు పుడుతుంది, ఎందుకంటే 'మా మెనూ ఎప్పటికీ ఉంటుంది' అన్న ఉద్దేశంతో దాదాపు అందరూ శాశ్వతం అనే దానినే ఎంచుకుంటారు. ఆ మాట మీ మెనూ గురించి కాదు, మలుపు గురించి. శాశ్వతం అంటే 301 అనే సంకేతం, తాత్కాలికం అంటే 302. 301 అందుకున్న బ్రౌజర్, వేరే ఆదేశం ఏదీ లేకపోతే, ఆ మలుపును తన జ్ఞాపకంలో దాచుకుంటుంది. తర్వాతిసారి అదే కోడ్‌ను స్కాన్ చేసినప్పుడు మీ సర్వర్‌ను అడగకుండానే, దాచుకున్న పాత గమ్యానికి వెళ్లిపోతుంది. 302 అందుకున్న బ్రౌజర్ ప్రతిసారీ మిమ్మల్ని అడిగే వెళుతుంది.

దీని ఫలితం ఎలా ఉంటుందో ఒక సందర్భంలో చూడండి. మీరు మెనూ పేజీని కొత్త చోటికి మార్చి, రీడైరెక్ట్‌ను సవరించారు. ఆ రోజే మొదటిసారి వచ్చిన అతిథికి కొత్త మెనూ కనిపిస్తుంది. తరచుగా వచ్చే అతిథికి పాత మెనూ, పాత ధరలు కనిపిస్తాయి, లేదా పేజీ దొరకలేదన్న సందేశం వస్తుంది. పరీక్షించడానికి మీ ఫోన్ తీస్తే, అందరికంటే ఎక్కువసార్లు స్కాన్ చేసింది మీరే కనుక మీకూ పాతదే వస్తుంది. దాంతో సవరణ పనిచేయలేదనుకొని, సరిగా ఉన్నదానిని మళ్లీ కెలుకుతారు. అదే ఫోన్‌లో ప్రైవేటు విండో తెరిచి చిరునామా టైప్ చేస్తే కొత్త పేజీ వచ్చిందంటే, తప్పు సర్వర్‌లో లేదని, బ్రౌజర్ జ్ఞాపకంలో ఉందని తేలిపోతుంది. మీ ఫోన్‌లో ఆ జ్ఞాపకాన్ని చెరపగలరు గానీ అతిథుల ఫోన్లలో చెరపలేరు.

ఇప్పటికే 301 పెట్టేసి ఉంటే కంగారు పడనక్కరలేదు. కోడ్‌లోని చిరునామా దగ్గర దానిని 302గా మార్చండి. పాత మెనూ పేజీ ఉన్న చిరునామాను తీసేయకుండా, అక్కడి నుంచి కొత్త పేజీకి మరో 302 పెట్టండి. ఈ రెండో మలుపును నేరుగా కొత్త పేజీకే పంపాలి. కోడ్‌లోని చిన్న చిరునామాకు తిప్పితే, పాత జ్ఞాపకం ఉన్న ఫోన్ అక్కడి నుంచి మళ్లీ పాత పేజీకి, పాత పేజీ నుంచి మళ్లీ చిన్న చిరునామాకు తిరుగుతూ, చివరకు రీడైరెక్ట్‌లు మితిమీరాయని చెప్పి ఆగిపోతుంది. 307 అనే సంకేతం కూడా తాత్కాలికమే కాబట్టి మన పనికి సరిపోతుంది. 308 మాత్రం 301కి తోబుట్టువు, దాని జోలికి వెళ్లకండి.

ఇక సన్నని గడుల సంగతి. అతి చిన్న క్యూఆర్ కోడ్‌లో అంచుకు 21 గడులు, అతి పెద్దదానిలో 177 గడులు ఉంటాయి. మధ్యలో ఒక్కో మెట్టుకు 4 గడుల చొప్పున పెరుగుతూ మొత్తం 40 మెట్లు ఉన్నాయి. చిరునామా పెరిగేకొద్దీ కోడ్ పై మెట్టుకు ఎక్కుతుంది. కోడ్ ఎంత నష్టాన్ని తట్టుకోగలదో దానిని బట్టి స్థాయిలు ఉంటాయి; వాటిలో సాధారణంగా వాడే ఎం స్థాయిలో, చిన్న అక్షరాలతో రాసిన 25 అక్షరాల చిరునామా రెండో మెట్టులో, అంటే 25 గడుల అంచులో ఇమిడిపోతుంది. ప్రకటనల లెక్క కోసం తోకలు తగిలించిన 100 అక్షరాల చిరునామాకు ఆరో మెట్టు, అంటే 41 గడులు కావాలి. రెండింటినీ 3 సెంటీమీటర్ల చదరంగా ముద్రిస్తే మొదటిదానిలో ఒక్కో గడి 1.2 మిల్లీమీటర్లు ఉంటుంది, రెండోదానిలో సుమారు 0.73 మిల్లీమీటర్లకు కుంచించుకుపోతుంది. మసక వెలుతురులో, గీతలు పడిన కెమెరా అద్దం ఉన్న ఫోన్‌తో స్కాన్ చేసేవారికి ఆ తేడా చాలా పెద్దది.

పేజీ పేరును తెలుగులో పెట్టినవారికి ఇంకొక చిక్కు ఎదురైంది. బ్రౌజర్ నుంచి అలాంటి చిరునామాను కాపీ చేస్తే, ఒక్కో తెలుగు సంకేతం మూడు బైట్లుగా విడిపోయి, ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలుగా మారుతుంది. తెర మీద రెండు అక్షరాలుగా కనిపించే 'మెనూ' అనే పేరు నిజానికి రెండు హల్లులు, రెండు గుణింతపు గుర్తులు కలిసి నాలుగు సంకేతాలు కనుక, కోడ్‌లోకి చేరేసరికి 36 అక్షరాలవుతుంది. పేజీలోపల ఎంత తెలుగు ఉంటే అంత మంచిది, కానీ కోడ్‌లో పెట్టే చిరునామాలో వద్దు.

నేను వాడే దగ్గరి దారి ఒకటి ఉంది. కోడ్‌కు ఇచ్చే చిరునామా మొత్తాన్ని ఇంగ్లీషు పెద్ద అక్షరాలలో రాస్తాను. పెద్ద అక్షరాలు, అంకెలు, కొద్దిపాటి గుర్తులు మాత్రమే ఉంటే క్యూఆర్ కోడ్ వాటిని మరింత కుదించి దాచుకోగలదు. అప్పుడు అదే 25 అక్షరాల చిరునామా, అదే 25 గడుల కోడ్‌లో, ఎం స్థాయికి బదులు క్యూ స్థాయిలో సరిపోతుంది. అంటే సుమారు 15 శాతం నష్టాన్ని తట్టుకునే కోడ్ సుమారు 25 శాతం తట్టుకుంటుంది. డొమైన్ పేరులో పెద్ద అక్షరాలకూ చిన్న అక్షరాలకూ తేడా ఉండదు. గీత తర్వాతి భాగంలో మాత్రం చాలా సర్వర్లు తేడా చూస్తాయి. అందుకే అక్కడ అక్షరాలు మానేసి అంకె ఒక్కటే పెడతాను.

ఆ అంకెతోనే మనం వాయిదా వేసిన బల్లల సంగతి కూడా తెమిలిపోతుంది. డొమైన్ తర్వాత గీత, ఆపైన 7 అని ఉంటే అది ఏడో బల్ల. ప్రశ్నార్థకం, సమానం గుర్తులతో బల్ల సంఖ్యను జోడించే పద్ధతి వెబ్‌లో మామూలే గానీ, ఆ రెండు గుర్తులూ కుదింపుకు లొంగే జాబితాలో లేవు. ఏటవాలు గీత ఉంది. సర్వర్‌లో బల్లకొక రీడైరెక్ట్, అన్నీ 302. ఏ బల్లను గదిలో ఎటు జరిపినా, కోడ్ దానితో పాటే కదలాలని సిబ్బందికి చెప్పి ఉంచండి.

ముద్రణ విషయంలో నా పట్టింపులు కొన్నే. కోడ్ చుట్టూ నాలుగు గడుల వెడల్పున ఖాళీ అంచు వదలాలి. డిజైన్ చేసేవారు అందం కోసం మొదట కోసేది దీనినే. ముదురు గడులు, లేత నేపథ్యం ఉండాలి, తలకిందులు చేయకూడదు. ఫైలు ఎస్‌వీజీ రూపంలో, అంటే ఎంత పెద్దది చేసినా అంచులు చెదరని బొమ్మగా ఉంటే మేలు. దానిని వాట్సాప్‌లో ఫొటోగా కాక డాక్యుమెంటుగా పంపండి, లేకపోతే గడుల అంచులు మసకబారతాయి. మెరిసే ల్యామినేషన్ మీద దీపం వెలుగు పడితే కోడ్ మధ్యలో తెల్లని మచ్చ ఏర్పడుతుంది కాబట్టి మ్యాట్ రకం అడగండి. కోడ్ నడుమ లోగో పెట్టడం నాకు నచ్చదు. నష్టాన్ని తట్టుకునే శక్తిని మనమే ముందుగా ఖర్చు చేసుకోవడం అది, పైగా భోజనానికి వచ్చి కూర్చున్నవారికి తాము ఎక్కడున్నారో తెలిసే ఉంటుంది. దానికి బదులు కోడ్ కింద చిరునామాను అక్షరాలలో ముద్రించండి. స్కాన్ కానివారు టైప్ చేసుకుంటారు, ఎవరైనా మోసగాడు పైన వేరే కోడ్ అంటించినా పట్టీలోని పేరుకూ కిందనున్న పేరుకూ పొంతన లేదని గమనించే వీలుంటుంది.

అభ్యాసం ఈసారి కాస్త కఠినం. మొదట మీ దగ్గరున్న ముద్రిత కోడ్ పై అంచున గడులను కంటితో లెక్కపెట్టండి. ఆ సంఖ్యలోంచి 17 తీసేసి, మిగిలినదానిని 4తో భాగిస్తే అది ఎన్నో మెట్టో తెలుస్తుంది. మూడో మెట్టు దాటితే చిరునామాను కుదించి కొత్త కోడ్ చేయండి. తర్వాత రెండు ఫోన్లు తీసుకుని, ఒకదానితో మాత్రం ఆ కొత్త కోడ్‌ను ముందుగా స్కాన్ చేసి ఉంచండి. ఇప్పుడు మెనూ పేజీని వేరే చిరునామాకు మార్చి, ముద్రించిన కాగితాన్ని ముట్టుకోకుండా, రెండు ఫోన్లలోనూ కొత్త పేజీయే తెరుచుకునేలా చేయండి. ఈ పరీక్షను వైఫై ఆపేసి మొబైల్ డేటాతో, బల్ల దగ్గర కూర్చుని, రాత్రి వెలుతురులో చేయాలి. మొదటి ఫోన్‌లో పాత పేజీ వస్తే ప్రైవేటు విండోలో కూడా చూసి, రెండు చోట్లా ఏమి కనిపించిందో రాసి పంపండి; అప్పటిదాకా పెద్ద సంఖ్యలో ముద్రణకు ఇవ్వకండి.