వేడి నీళ్లలో గాలం వేసేటప్పుడు
తీరం దగ్గర నీళ్లు బాగా వేడెక్కినప్పుడు మిట్టమధ్యాహ్నం గాలం వేసి కూర్చోడం దండగండీ, ఆ నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, చాలా చేపలు లోతుకి పోతాయి, అందుకే తెల్లారకముందే వెళ్లండి. టైం కంటే ఆటుపోట్లు ముఖ్యం, చాలాచోట్ల సుమారు 6 గంటలకోసారి నీరు తిరుగుతుంది, పాటు లాగేటప్పుడు, అంటే నీరు సముద్రంలోకి తగ్గేటప్పుడు, ఏటి మొగ (ఏరు సముద్రంలో కలిసేచోటు) దగ్గర రొయ్యలు, చిన్న చేపలు కొట్టుకొస్తాయి, వాటి వెనకే పెద్దవి. ఎరకి బతికున్న రొయ్యే బెస్ట్, తోక దగ్గర గుచ్చండి, తలలో కనిపించే నల్లమచ్చకి ముల్లు తగిలిందా చచ్చిపోతుంది. సర్కిల్ హుక్ (మొన లోపలికి వంగిన గుండ్రటి గాలం ముల్లు) అయితే చేప లాగగానే గట్టిగా గుంజొద్దు, మెల్లగా రీల్ తిప్పుతూ ఉంటే నోటి మూలన అదే పడుతుంది. వదిలేసే చేపైతే ప్లీజ్, తడి చేత్తో పట్టుకుని నీళ్లలో ఉంచే ముల్లు తీయండి, వేడికి అది త్వరగా అలిసిపోతుంది.