లినక్స్‌లో ఆట చేద్దాం – 2వ పాఠం: గోడో ఎక్కించుకోవడం, తెలుగు తిన్నగా కనిపించేలా చేసుకోవడం

పోయిన పాఠంలో పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ ఎక్కించుకున్నాం కదా, ఇప్పుడు దాని మీద గేమ్ ఇంజిన్, అంటే ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్, పెట్టుకుందాం. ఈ పాఠాలన్నీ ఒక్క ఆట చుట్టూనే నడుస్తాయి: పైనుంచి తోతాపురి కాయలు రాలుతుంటాయి, కింద బుట్టతో పట్టాలి, కుళ్ళిన కాయ పడితే పాయింట్లు పోతాయి, అంతే. చిత్తూరు పక్కన ఉండి ఆపిల్ పండ్లు పెట్టుకుంటే తోటల వాళ్ళు ఊరుకోరు.

"ఈ ఇంజిన్‌కి లినక్స్ సపోర్ట్ ఉందా" అని అందరూ అడుగుతారు గానీ అందులో ఉన్నవి రెండు ప్రశ్నలు. ఎడిటర్, అంటే మనం ఆట తయారుచేసే ప్రోగ్రామ్, మన లినక్స్‌లో తెరుచుకుంటుందా అన్నది ఒకటి, మనం చేసిన ఆట ఇంకొకరి లినక్స్‌లో ఆడుతుందా అన్నది రెండోది. మొదటిదానికి ఇంజిన్ చేసినవాళ్ళు జవాబు చెప్తారు, రెండోదానికి మాత్రం అవతలి మెషీన్‌లో ఉన్న గ్రాఫిక్స్ డ్రైవరు (గ్రాఫిక్స్ చిప్‌తో మాట్లాడే సాఫ్ట్‌వేర్), ఫాంట్లు జవాబు చెప్తాయి. ఈ పాఠం ఎక్కువగా రెండోదాని గురించే.

ఇంజిన్ ఏది అన్నదాని మీద ఎక్కువ సేపు కూర్చోను. మనం గోడో తీసుకుంటున్నాం. అర్జెంటీనాలో హువాన్ లినియెట్‌స్కీ, ఏరియల్ మన్సూర్ అనే ఇద్దరు మొదలుపెట్టారు, 2014లో ఎంఐటీ లైసెన్స్‌తో సోర్సు బయటపెట్టారు. ఆ లైసెన్స్ అంటే మీ ఆట అమ్ముకున్నా ఎవరికీ వాటా ఇవ్వక్కర్లేదు, లైసెన్స్ పాఠాన్ని ఆటతో పాటు పెడితే చాలు. 2023 సెప్టెంబరులో యూనిటీ అనే ఇంకో ఇంజిన్ వాళ్ళు ఆట ఇన్‌స్టాల్ అయిన ప్రతిసారీ ఫీజు అన్నప్పుడు చాలామంది చూపు ఇటు తిరిగింది, ఏడాదికి ఆ ఫీజు వాళ్ళే ఎత్తేశారు, అది వేరే కథ. మిగతా ఓపెన్ సోర్సు ఇంజిన్లలో లువా భాష వచ్చినవాళ్ళకు లవ్ బాగుంటుంది, రస్ట్ భాష పిచ్చి ఉన్నవాళ్ళు బెవీ చూసుకోవచ్చు, ఓ3డీఈ మన పాత ల్యాప్‌టాప్‌లకు మోయలేని బరువు. అన్‌రియల్ ఇంజిన్‌ను మాత్రం ఈ లిస్టులో కలపకండి, సోర్సు చూడనిస్తారు గానీ అది ఓపెన్ సోర్సు కాదు.

లినక్స్‌కీ ఆటలకీ పడదు అనేవాళ్ళకు ఒక ముక్క చెప్పి ముందుకు పోతా. 1997 డిసెంబరులో ఐడీ సాఫ్ట్‌వేర్ వాళ్ళు తమ డూమ్ ఆట సోర్సు బయటపెట్టినప్పుడు ఇచ్చింది లినక్స్ వెర్షనే. డాస్ వెర్షన్‌లో వాడిన సౌండ్ లైబ్రరీ వేరేవాళ్ళది, దాన్ని పంచడానికి వీల్లేకపోయింది.

సరే, దించుకోవడం. టెర్మినల్‌లో ఆప్ట్ ఇన్‌స్టాల్ (మింట్ సొంత భండారం నుంచి దించే కమాండ్) కొట్టబాకండి. చాలా మింట్, ఉబుంటు వెర్షన్లలో అలా దొరికేది గోడో పాత 3 సిరీస్, దాంతో మనకు పని జరగదు, ఎందుకో తెలుగు దగ్గర చెప్తా. గోడో సొంత సైట్‌లో లినక్స్ అని నొక్కి స్టాండర్డ్ వెర్షన్ తీసుకోండి, పక్కనే ఉండే డాట్‌నెట్ వెర్షన్ సీ షార్ప్ భాషలో రాసేవాళ్ళకు. జిప్ ఫైలు వంద ఎంబీ లోపే ఉంటుంది. విప్పితే లోపల ఒకే ఒక్క ఫైలు, ఇన్‌స్టాలర్ లేదు, నెక్స్ట్ నెక్స్ట్ నొక్కేది లేదు, దాన్ని హోమ్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టుకుని డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే రైట్ క్లిక్, ప్రాపర్టీస్, పర్మిషన్స్‌లోకి పోయి దాన్ని ప్రోగ్రామ్‌లా నడపనిచ్చే టిక్కు పెట్టండి.

కొత్త ప్రాజెక్ట్ అనగానే మూడు రెండరర్లు, అంటే తెర మీద బొమ్మ గీసే పద్ధతులు, చూపిస్తుంది: ఫార్వర్డ్ ప్లస్, మొబైల్, కంపాటిబిలిటీ. కళ్ళు మూసుకుని కంపాటిబిలిటీ ఎంచుకోండి. మొదటి రెండూ లినక్స్‌లో వల్కన్ మీద నడుస్తాయి, మూడోది ఓపెన్‌జీఎల్ 3.3 మీద. ఈ రెండూ ప్రోగ్రాములు గ్రాఫిక్స్ చిప్‌తో పని చేయించుకునే దారులు. ఇంటెల్ 3, 4 తరాల ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌లలో, అంటే సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికేవాటిలో, మెసా అనే ఓపెన్ సోర్సు గ్రాఫిక్స్ డ్రైవరు ఓపెన్‌జీఎల్‌ను బాగానే నడుపుతుంది గానీ వల్కన్ అక్కడ సగం సగమే, టెర్మినల్‌లో చూస్తే ఆ డ్రైవరే సపోర్ట్ పూర్తిగా లేదని వార్నింగ్ ఇస్తుంది. మామిడికాయలు రాలడానికి వల్కన్ అక్కర్లేదు కూడా. ముందే వేరేది ఎంచుకుని ఉంటే ఎడిటర్‌లో పైన కుడి మూలన రెండరర్ పేరు కనిపిస్తుంది, అక్కడ మార్చుకుని సేవ్ చేస్తే అదే రీస్టార్ట్ అవుతుంది.

ఇక్కడ ఒక అలవాటు చేసుకోండి. ఆట రన్ చేయగానే కింద అవుట్‌పుట్ ప్యానెల్‌లో మొదటి లైన్లలో ఏ ఏపీఐ (ఓపెన్‌జీఎలా, వల్కనా), ఏ రెండరర్, ఏ డివైస్ అని వస్తుంది. డివైస్ దగ్గర ఇంటెల్ అనో ఏఎండీ అనో ఎన్విడియా అనో ఉంటే మంచిది. ఎల్ఎల్‌వీఎం‌పైప్ అని ఉందంటే గ్రాఫిక్స్ చిప్ పక్కన కూర్చుని ఉంది, బొమ్మలన్నీ ప్రాసెసరే గీస్తోంది అని అర్థం. ఆట నత్తలా నడుస్తుంది, ఫ్యాన్ అరుస్తుంది, తిరుపతి మే నెల ఎండలో ఆ ల్యాప్‌టాప్ మీద చెయ్యి పెట్టలేం. అప్పుడు ఇంజిన్‌ను తిట్టి లాభం లేదు, డ్రైవరు సరిచేసుకోవాలి: ఎన్విడియా అయితే మింట్‌లోని డ్రైవర్ మేనేజర్ తెరిచి అది సూచించినది వేసుకోండి, ఇంటెల్, ఏఎండీలకైతే సిస్టమ్ అప్‌డేట్లతోనే మెసా వస్తుంది. లినక్స్‌లో తెర మీద విండోలు చూపించే కొత్త పద్ధతి వేలాండ్ గురించి అడిగేవాళ్ళు ఉంటారు: 2024 ఆగస్టులో వచ్చిన గోడో 4.3 నుంచి దానికి ప్రయోగాత్మక సపోర్ట్ ఉంది, మనం పాత పద్ధతి ఎక్స్11 మీదే ఉన్నాం కాబట్టి దాని జోలికి పోవద్దు.

ఇప్పుడు అసలు సంగతి. సీన్‌లో (ఆట తెరలో) ఒక లేబుల్ నోడ్, అంటే రాత చూపించే ముక్క, పెట్టి దాని టెక్స్ట్‌లో "చిత్తూరు, శ్రీకాళహస్తి, స్వర్ణముఖి" అని టైప్ చేయండి. ఒత్తులు, గుడులు వాటి చోట్లలో కూర్చుంటాయి. ఇదే 3 సిరీస్‌లో చేస్తే అక్షరాలు ముక్కలు ముక్కలుగా విడిపోయేవి, ఎందుకంటే అందులో అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చడమే తప్ప ఒత్తును కిందికి చేర్చే లెక్క లేదు. 2023 మార్చిలో వచ్చిన గోడో 4.0లో టెక్స్ట్ వ్యవస్థనంతా తిరగరాసి, ఆ లెక్క చేసే హార్ఫ్‌బజ్ లైబ్రరీని కలిపారు. ఆప్ట్ వద్దన్నది అందుకే.

అయితే సంబరం అప్పుడే వద్దప్పా. గోడోతో వచ్చే మామూలు ఫాంట్‌లో తెలుగు అక్షరాలే లేవు. మరి ఎలా కనిపించింది? మీ మింట్‌లో ఉన్న తెలుగు ఫాంట్‌ను అది అప్పు తెచ్చుకుంది. ఇదే ఆటను తెలుగు ఫాంట్లు లేని మెషీన్‌కి పంపితే స్కోరు బోర్డు నిండా గళ్ళే కనిపిస్తాయి, వెబ్‌కి ఎక్స్‌పోర్ట్ చేస్తే అక్కడ అప్పు పుట్టదు కాబట్టి మీ బ్రౌజర్‌లోనే గళ్ళు వస్తాయి. కాబట్టి ఫాంట్‌ను ప్రాజెక్ట్‌లోనే పెట్టాలి. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి ఓపెన్ లైసెన్స్‌తో చాలానే ఉన్నాయి, మామూలు రాతకు మండలి గానీ నోటో శాన్స్ తెలుగు గానీ తీసుకోండి. ఆట పేరుకి నేనైతే ధూర్జటి ఫాంట్ పెడతా, లావు అక్షరాలతో పోస్టర్‌లా ఉంటుంది, పైగా మన కాళహస్తి కవి పేరు. ఫైలును ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోకి లాగి వదిలి, ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో జీయూఐ కింద థీమ్, అందులో కస్టమ్ ఫాంట్ దగ్గర దాన్ని చూపించండి.

ఎక్స్‌పోర్ట్‌కి, అంటే ఆటను వేరే మెషీన్లలో నడిచే ఫైలుగా మార్చడానికి, ముందు దానికి కావలసిన టెంప్లేట్లు దించుకోవాలి, ఎడిటర్ మెనూలో మేనేజ్ ఎక్స్‌పోర్ట్ టెంప్లేట్స్ అని ఉంటుంది. అన్ని సిస్టమ్‌లవీ కలిపి వస్తాయి కాబట్టి ఒక జీబీకి అటూ ఇటూగా ఉండొచ్చు, హాస్టల్ వైఫై అయితే అందరూ పడుకున్నాక పెట్టుకోండి. తర్వాత ప్రాజెక్ట్, ఎక్స్‌పోర్ట్, యాడ్, లినక్స్. ఎంబెడ్ పీసీకే (ఆట బొమ్మలు, సీన్లు ఉండే పీసీకే ఫైలును లోపలే కలపడం) అనే టిక్కు పెడితే ఆటంతా ఒకే ఫైలుగా వస్తుంది, లేకపోతే రెండు ఫైళ్ళు వస్తాయి, వాటిలో ఒకటి మర్చిపోయి పంపేవాళ్ళే ఎక్కువ. పంపేటప్పుడు టార్ ఫైలుగా (జిప్ లాంటి మూట) కట్టి పంపండి, నడిపే పర్మిషన్ అందులో చెక్కుచెదరకుండా పోతుంది.

హోంవర్క్: తెలుగు ఫాంట్లు లేని లినక్స్ మెషీన్ ఒకటి పట్టుకుని, ఫ్రెండ్‌దైనా కాలేజీ ల్యాబ్‌దైనా సరే, ఆ ఒక్క లేబుల్ ఉన్న ఆటను అక్కడ టెర్మినల్ నుంచి నడపండి. "చిత్తూరు" ఎలా కనిపించిందో, డివైస్ దగ్గర ఏ పేరు వచ్చిందో రాసిపెట్టుకోండి. వచ్చే పాఠంలో బుట్టను కదిలించేటప్పుడు వేగం లెక్క ఆ మెషీన్‌లోనే సరిచూస్తాం.