సిరప్ తాగినా కళ్లె తెగట్లేదా? సీసా మార్చే ముందు చూడాల్సినవి

దగ్గుమందు పనిచేయలేదనేవాళ్లలో ఎక్కువమంది రెండు సంగతులు చూసుకోరు. దగ్గు మొదలై ఎన్నాళ్లయిందో, సీసా వెనక ఏం రాసుందో. రెండూ కలిపి రెండు నిమిషాల పని. అది వదిలేసి ఒక సిరప్ అయిపోగానే ఇంకోటి తెస్తారు, అదీ కాకపోతే పక్కింటాయనకు పనిచేసిందంటూ మూడోది. భోజనం తర్వాత తాగడం, గడువు తేదీ చూడడం, సీసా కుదపడం అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోవడం లేదు.

రెండు వారాలు దాటినా దగ్గు, కళ్లె అలాగే ఉన్నాయి

ఇక్కడ ఏ సిరప్ మంచిదన్న చర్చే అనవసరం. ముందు కళ్లె పరీక్ష చేయించాలి. రెండు వారాలు మించిన దగ్గుకు క్షయ కాదని తేల్చుకున్నాకే మిగతా కారణాలు. షుగరు ఉన్నవాళ్లకు, ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చి ఉన్నవాళ్లకు ఈ మాట ఇంకా గట్టిగా వర్తిస్తుంది. మీ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి. తిరుపతిలో అయితే రుయా ఆసుపత్రి ఉంది, చిత్తూరులో అయితే జిల్లా ఆసుపత్రి. పరీక్షకూ డబ్బు కట్టక్కర్లేదు, టీబీ అని తేలితే మందులకూ కట్టక్కర్లేదు.

శాంపిల్ ఇవ్వడంలోనే చాలామంది తప్పు చేస్తారు. డబ్బాలో ఉమ్మి వేసి ఇస్తే పరీక్షకు అర్థం లేదు. పొద్దున లేవగానే, ఏమీ తినకముందు, వట్టి నీళ్లతో నోరు పుక్కిలించాలి. రెండు మూడు సార్లు నిండా గాలి పీల్చి వదిలి, ఛాతీ లోపల్నించి దగ్గి, చిక్కగా వచ్చిన కళ్లెను డబ్బాలో వేయాలి. గాలి ఆడే చోట, మనుషులకు దూరంగా నిలబడి చేయాలి. మామూలుగా రెండు శాంపిళ్లు అడుగుతారు. ఒకటి అక్కడికక్కడే, ఇంకోటి తెల్లవారినాక ఇంట్లో తీసి తెచ్చేది.

ఇంకో ముఖ్యమైన సంగతి. పరీక్షకు ముందు లెవోఫ్లాక్సాసిన్, మాక్సీఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌ను సొంతంగా కొని వాడకండి. అవి టీబీ క్రిమిని కూడా కొంత అణుస్తాయి. నాలుగు రోజులు తగ్గినట్టుండి మళ్లీ మొదలవుతుంది, జబ్బు బయటపడడం ఆలస్యమవుతుంది.

కళ్లెలో రక్తపు చారలు, సాయంత్రం పూట జ్వరం, రాత్రి చెమటలు, కారణం లేకుండా బరువు తగ్గడం, వీటిలో ఏది కనిపించినా రెండు వారాలు ఆగొద్దు. ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేనంత ఆయాసం ఉంటే ఆ పూటే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

దగ్గు తగ్గింది, ఛాతీ మాత్రం బరువెక్కింది

కొంపముంచేది ఇదే. పైకి మందు బ్రహ్మాండంగా పనిచేసినట్టే ఉంటుంది. సిరప్ తాగిన రాత్రి దగ్గు లేదు, నిద్ర కూడా బాగా పట్టింది. తెల్లారి లేస్తే ఛాతీలో గురగుర, కళ్లె జిగురులా అంటుకుపోయి ఎంత కష్టపడినా బయటికి రాదు. మూడు రోజులకు ఆయాసం తోడవుతుంది. "మందు సరిపోలేదేమో" అని మూత నిండా ఇంకోసారి పోసుకుంటారు.

కారణం: కఫం దగ్గుకు పొడి దగ్గు మందు తాగడం.

ఇంత చిన్న తప్పు ఎవరు చేస్తారనిపిస్తుంది. చేసేది చదువుకున్నవాళ్లే. మన దగ్గర దగ్గుమందుల కంపెనీలు ఒకే పేరు కింద నాలుగైదు రకాల సీసాలు అమ్ముతాయి. అట్టపెట్టె దాదాపు ఒకేలా ఉంటుంది. పేరు చివర ఒకటి రెండు అక్షరాలే తేడా: డి, డీఎక్స్, ఎల్‌ఎస్, ఇలా. ఆ అక్షరం మారితే లోపల మందు మొత్తం మారిపోతుంది. ఎల్‌ఎస్ అని ఉంటే చాలాసార్లు కళ్లె పలచన చేసే రకం, డీఎక్స్ అని ఉంటే చాలాసార్లు దగ్గును అణిచే రకం. ఇదేమీ చట్టం కాదు, ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. ఒకరి 'డి' దగ్గు ఆపేదైతే ఇంకొకరి 'డి' ముక్కు దిబ్బడ తగ్గించేది కావచ్చు. పోయిన చలికాలం నాటి ఖాళీ సీసా ఫోటో వాట్సాప్‌లో పంపి "ఇదే తీసుకురా" అంటారు. ఫోటోలో పెద్దక్షరాల పేరు కనిపిస్తుంది, చివరి అక్షరాలు మూత నీడలో పోతాయి. రద్దీగా ఉన్న మెడికల్ షాపులో కుర్రాడు పేరు చూసి చేతికందింది ఇస్తాడు. అతన్ని తిట్టి లాభం లేదు, ఆ పేరుతో ఏది అడిగారో అతనికి మాత్రం ఎలా తెలుస్తుంది?

అందుకే ముందువైపు పేరు చూడకండి. సీసా వెనకకు తిప్పి, ప్రతి 5 ఎంఎల్‌లో ఏముందో రాసిన చిన్న అక్షరాలు చదవండి. కళ్లు ఆనకపోతే ఫోన్‌లో ఫోటో తీసి పెద్దది చేసుకోండి.

ఆంబ్రాక్సాల్, బ్రోమ్‌హెక్సిన్, గ్వైఫెనెసిన్ అని ఉంటే అవి కళ్లెను పలచన చేసి, కదిలించి బయటికి పంపేవి. టెర్బ్యుటలిన్, సాల్‌బ్యుటమాల్, లెవోసాల్‌బ్యుటమాల్ అని ఉంటే ఊపిరి గొట్టాలను వదులు చేసేవి, పిల్లికూతలు ఉన్నప్పుడు పనికొస్తాయి. డెక్స్‌ట్రోమెథార్ఫాన్ లేదా కోడీన్ కనిపిస్తే అది మెదడులోని దగ్గు కేంద్రాన్ని అణిచేది. కళ్లె ఉన్నా లేకున్నా దానికి పట్టదు, దగ్గును ఆపేస్తుంది. దానికి క్లోర్‌ఫెనిరమిన్ అనే జలుబు మందు జతై ఉంటే ఉన్న కళ్లె కూడా ఎండి చిక్కబడుతుంది. అసలే చిక్కటి కళ్లె, దాన్ని బయటికి తోసే దగ్గేమో లేదు. ఇక అది ఎక్కడికి పోతుంది?

కళ్లె పలచన చేసేదాన్నీ, దగ్గు ఆపేదాన్నీ ఒకే సీసాలో కలిపిన సిరప్‌లు కూడా అంగళ్లలో ఉన్నాయి. ఒకవైపు నీళ్లు వదులుతూ ఇంకోవైపు తూము మూసినట్టుంటుంది వాటి వ్యవహారం. కళ్లె పడుతున్నప్పుడు అవి వద్దు.

ఏం చేయాలి: దగ్గు అణిచే సీసాను ఆపేయండి. ఆంబ్రాక్సాల్ ఉన్న రకం మీకు పడుతుందో లేదో డాక్టరును గానీ ఫార్మసిస్టును గానీ అడగండి. పెద్దవాళ్లకు మామూలు మోతాదు పూటకు 30 మిల్లీగ్రాములు, రోజుకు రెండు మూడు సార్లు, తిన్నాక. చివరి మోతాదు పడుకోవడానికి రెండు మూడు గంటల ముందే వేసుకుంటే కదిలిన కళ్లె నిద్రకు ముందే పడిపోతుంది. కడుపులో పుండు ఉన్నవాళ్లు ముందే చెప్పాలి. ఒంటి మీద దద్దుర్లు, నోట్లో పుండ్లు వస్తే వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. అరుదే గానీ ప్రమాదకరం.

గుండె, కిడ్నీ జబ్బుల వల్ల డాక్టరు నీళ్లు తగ్గించమని చెప్పి ఉంటే తప్ప, గోరువెచ్చని నీళ్లు మాటిమాటికీ తాగండి. కళ్లె తీయడానికి గొంతు చించుకుని దగ్గొద్దు. కూర్చుని, నిదానంగా నిండా గాలి పీల్చి, నోరు తెరిచి అద్దం మీద ఆవిరి ఊదినట్టు "హా" అని గట్టిగా రెండు మూడు సార్లు వదలండి. కళ్లె పైకి వచ్చాక ఒక్క దగ్గు చాలు.

మందు మార్చిన మొదటి ఒకటి రెండు రోజులు దగ్గు ఎక్కువైనట్టు అనిపించొచ్చు. కదిలిన కళ్లె బయటికి రావాలంటే దగ్గు రావాల్సిందే. సరిగ్గా ఇక్కడే జనం భయపడి పాత సీసా మూత తీస్తారు. కళ్లె పలచబడి తేలిగ్గా పడుతోందా లేదా అన్నదే గుర్తు, దగ్గుల లెక్క కాదు. కళ్లె పచ్చగా ఉందన్న ఒక్క కారణంతో యాంటీబయాటిక్ కూడా వద్దు.

దగ్గు అణిచే సిరప్‌లతో ఇంకో తంటా ఉంది. డిప్రెషన్‌కు ఫ్లూయాక్సెటిన్, సెర్ట్రలిన్, పారాక్సెటిన్ లాంటివి వాడేవాళ్లు డెక్స్‌ట్రోమెథార్ఫాన్ తీసుకుంటే వణుకు, చెమటలు, గందరగోళం దాకా పోవచ్చు. క్లోర్‌ఫెనిరమిన్ ప్రోస్టేట్ సమస్య ఉన్న పెద్దాయనకు మూత్రం బిగబట్టిస్తుంది, నిద్రమత్తు తెస్తుంది. అది తాగి తిరుమల ఘాట్ రోడ్డులో జీపు ఎక్కకండి, నడిపే సీట్లో అసలే కూర్చోకండి. ఫినైల్‌ఎఫ్రిన్ అనే ముక్కు దిబ్బడ మందు ఉంటే బీపీ పెరగొచ్చు.

చేతులు వణుకుతున్నాయి, గుండె దడదడ

సీసాలో లెవోసాల్‌బ్యుటమాలో టెర్బ్యుటలినో ఉండి ఉంటుంది. మోతాదు ఎక్కువైంది, లేదా అదే జాతి మందు ఇన్‌హేలర్‌లో, నెబులైజర్‌లో కూడా పడుతోంది. కొలత మూత పోగొట్టుకుని వంటింటి చెంచాతో పోసుకుంటే ఇలాగే ఉంటుంది. చిన్న చెంచా, పెద్ద చెంచాల మధ్య మూడింతల తేడా ఉంటుంది. మూత లేకపోతే మెడికల్ షాపులో సూది లేని 5 ఎంఎల్ సిరంజి అడగండి, కొద్ది రూపాయల్లో వస్తుంది. గుండె జబ్బు, థైరాయిడ్ ఎక్కువ ఉన్నవాళ్లు ఈ రకం సిరప్‌ను డాక్టరును అడగకుండా తాగకూడదు.

ఆంబ్రాక్సాల్ కూడా ఇలాగే రెండు దారుల్లో పడుతుంది. అలర్జీకి వాడే మాంటెలుకాస్ట్, లెవోసెటిరిజిన్‌తో కలిపి వచ్చే మాత్రలో 75 మిల్లీగ్రాముల ఆంబ్రాక్సాల్ ఉండే రకం ఉంది. దానికి తోడు 5 ఎంఎల్‌కు 30 మిల్లీగ్రాములున్న సిరప్ మూడు పూటలా తాగితే రోజుకు 165 అవుతుంది. పెద్దవాళ్లకు 120 దాటకూడదు. అసిబ్రోఫిలిన్ క్యాప్సూల్‌లో ఉన్నదీ ఆంబ్రాక్సాలే, పేరులో కనిపించదంతే. కాబట్టి సిరప్ కొనేటప్పుడు మీరు వేసుకునే మాత్రల స్ట్రిప్పులన్నీ తీసుకెళ్లి చూపించండి.

కళ్లె లేదు, గొంతులో గరగర, నెలలుగా పొడి దగ్గు

బీపీకి రామిప్రిల్, ఎనలాప్రిల్, లిసినోప్రిల్, పెరిండోప్రిల్ వాడుతున్నారేమో చూడండి. పేరు చివర 'ప్రిల్' ఉంటే అదే కారణం కావచ్చు, అప్పుడు ఏ సిరప్‌కూ లొంగదు. డాక్టరు టెల్మిసార్టాన్ లాంటి వేరే బీపీ మాత్రకు మారుస్తారు. మార్చాక దగ్గు పోవడానికి సాధారణంగా ఒకటి నుంచి నాలుగు వారాలు, కొందరికి మూడు నెలలు. బీపీ మాత్రను మీరే ఆపేయకండి.

నీళ్లలో వేసే బిళ్ల కుళ్లిన గుడ్డు వాసనొస్తోంది

ఎసిటైల్‌సిస్టీన్ 600 అనే, కళ్లె పలచన చేసే బిళ్ల వాసనే అంత, అందులో గంధకం ఉంది. పాడైపోలేదు. అర గ్లాసు నీళ్లలో పూర్తిగా కరిగాక తాగాలి, నాలుక మీద వేసుకుని చప్పరించకూడదు. యాంటీబయాటిక్‌కూ దీనికీ రెండు గంటలు ఎడం ఉండాలి. పొంగే బిళ్లలో సోడియం ఉంటుంది, ఉప్పు తగ్గించమన్నవాళ్లు గుర్తుంచుకోవాలి. ఆస్తమా ఉంటే డాక్టరు చెప్పకుండా వద్దు.

పిల్లలకు ఇదే సిరప్ సగం పోయొచ్చా?

పోయకూడదు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారాలో పిల్లలు చనిపోయింది డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసిన దగ్గు సిరప్ వల్ల. అది తయారైంది మనకు పక్కనే ఉన్న కాంచీపురం జిల్లాలో. ఆ అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దంది, ఐదేళ్లలోపు వాళ్లకు సాధారణంగా సిఫార్సు చేయరంది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన మందు నాలుగేళ్లలోపు వాళ్లకు వాడొద్దని లేబుల్ మీద వేయాలన్న ఆదేశం 2023 నుంచే ఉంది. ఏడాది నిండిన పిల్లలకు రాత్రి పూట అర చెంచా తేనె చాలాసార్లు సరిపోతుంది. ఏడాది లోపు తేనె కూడా వద్దు. డొక్కలు ఎగరేస్తుంటే, పాలు తాగకపోతే సిరప్‌తో పనిలేదు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇవేవీ కాకపోతే

బీడీ, సిగరెట్టు మానకుండా కళ్లె మందు వాడడం దండగ. చాలా ఏళ్లు పొగ తాగినవాళ్లు, కట్టెల పొయ్యి ముందు గడిపినవాళ్లు స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరి కొలిచే పరీక్ష) చేయించుకోవాలి, వాళ్లకు చాలాసార్లు కావాల్సింది ఇన్‌హేలర్. గ్రానైట్ కోతలో రాతి దుమ్ము మధ్య పనిచేసేవాళ్లు ఎక్స్‌రే తీయించి, ఏం పని చేస్తారో డాక్టరుకు చెప్పాలి. తిని పడుకోగానే దగ్గు వస్తే పులితేన్పుల సంగతి చూసుకోండి. రోజూ పొద్దున కప్పుల కొద్దీ కళ్లె, అదీ ఏళ్ల తరబడి పడుతుంటే సీటీ స్కాన్ అవసరం పడొచ్చు, ఛాతీ డాక్టరు దగ్గరికి పోండి.