కొండ కనుమ బోర్డుల పాత పోస్టుకార్డులు: ముందు వెనక్కి తిప్పి చూడండి

చిన్నప్పుడు నిర్మల్ నుంచి ఆదిలాబాద్ పోయే బస్సులో కిటికీ సీటు కోసం కొట్లాడేవాణ్ణి, మహబూబ్ ఘాట్ మలుపుల్లో బోర్డులు చదవాలని. ఇప్పుడు హన్మకొండలో కూర్చుని, కొండ కనుమల మీద పేరూ ఎత్తూ రాసిన బోర్డులు కనిపించే పాత పిక్చర్ పోస్టుకార్డులు పోగేస్తున్నాను.

ముందు తెలిసినవాళ్లనే అడగండి. కాజీపేటలో రిటైరైన రైల్వే వాళ్లు, మిలిటరీలో చేసి వచ్చిన వాళ్లు పాత ట్రంకు పెట్టెల్లో ఇలాంటివి దాచుకుని ఉంటారు. తర్వాత ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల సంత. విదేశీ కార్డులకైతే ఆన్‌లైనే దిక్కు, కానీ రెండు వైపులా ఫొటో పంపని వాళ్ల దగ్గర కొనకండి.

ఎందుకంటే కార్డు వయసు చెప్పేది వెనక వైపే. మన స్టాంపు మీద ధర అణాల్లో ఉంటే అది 1957కు ముందు అచ్చయింది, నయా పైసలంటే 1957 నుంచి 1964 మధ్యది, చిరునామాలో పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాత రాసిందే (పిన్ లేనంత మాత్రాన పాతదని సంబరపడొద్దు, ఇప్పటికీ చాలామంది రాయరు). అమెరికా కార్డుకు వెనక మధ్యలో గీత ఉంటే 1907 లేదా ఆ తర్వాతది, జిప్ కోడ్ (వాళ్ల పిన్‌కోడ్) కనిపిస్తే 1963 తర్వాతది. ఇక ముందు వైపు భూతద్దం పెట్టండి: చిన్న చిన్న చుక్కలు కనిపిస్తే ప్రెస్సులో అచ్చేసింది, చుక్కల్లేకుండా నున్నగా ఉంటే అసలు ఫొటో కార్డు, దానికి నాలుగు రూపాయలు ఎక్కువైనా పెట్టొచ్చు.

బోర్డు మీద ఎత్తు తప్పుంటే కార్డు వదిలేయకండి, నాకైతే అవే ఎక్కువ ఇష్టం. లడఖ్‌లోని ఖర్దూంగ్ లా బోర్డు ఏళ్ల తరబడి 18,380 అడుగులని చెప్పింది, జీపీఎస్‌తో కొలిస్తే 17,582 దగ్గర తేలింది. ఆ పాత అంకె ఉన్న కార్డు ఇప్పుడు ఒక సాక్ష్యం.

దయచేసి లామినేషన్ మాత్రం చేయించొద్దు. నా మొదటి కార్డును జిరాక్స్ షాపులో చేయించాను, వేడికి రంగు పొర ఉబ్బి బోర్డు మీద అక్షరాలే పోయాయి, ఇప్పటికీ చూస్తే బాధేస్తుంది. పీవీసీ కాని పాలీప్రొపిలీన్ కవర్లు తెచ్చి ఒక్కో కార్డు విడిగా పెట్టండి, వానాకాలం డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేయండి. ఎక్కడ, ఎంతకు కొన్నారో చిన్న చీటీ మీద పెన్సిల్‌తో రాసి అదే కవర్లో, కార్డు వెనక ఉంచండి.