రేకు మీద కాలు పెట్టొద్దు

మొన్న గాలిదుమారం వచ్చిన మర్నాడు మా వీధి చివర ఒకాయన తన సిమెంటు రేకుల షెడ్డు ఎక్కాడు. పెద్ద పనేం లేదు, రేకు మీద పెట్టిన ఇటుక పక్కకు జరిగితే సర్దడానికి. మొదటి అడుగు వేసిన రేకు నిరుడు మార్చిందే, నిలిచింది. రెండో అడుగు పాత రేకు మీద పడింది. కింద గచ్చు పన్నెండడుగుల లోతు. నడుము విరిగింది. మృగశిర కార్తె దగ్గర పడుతోంది, ఇక ఊళ్ళో సగం మంది డాంబర్ డబ్బా పట్టుకుని ఇళ్ళెక్కుతారు. అందుకే రాస్తున్నాను.

నిచ్చెన ఎలా వేయాలో మీకు తెలుసు. నేను చెప్పేది ఒక్కటే: సిమెంటు రేకు మీద నేరుగా కాలు పెట్టొద్దు. "బోల్టుల వరస మీద నడువు, కింద పైపుంది, ఏం కాదు" అని మేస్త్రీలే అంటారు. ఆ మాట నమ్మే పడుతున్నారు. రేకుల్ని మోసే ఆ పైపు వెడల్పు రెండు మూడంగుళాలు. కాస్త తూలితే బరువంతా ఆరు మిల్లీమీటర్ల రేకు మీదికి పోతుంది. ఇనప రేకైతే వంగుతుంది, ఇది వంగదు. చప్పుడు వినపడేసరికి మనిషి కింద ఉంటాడు. పాచి పట్టిన రేకు, సున్నం కొట్టిన రేకు ఇంకా మోసం, బీటలు కనపడవు. వెలుతురు కోసం మధ్యలో వేసిన ప్లాస్టిక్ రేకు దుమ్ము పట్టాక పక్కవాటిలాగే ఉంటుంది.

ఎక్కక తప్పదనుకుంటే రెండు గట్టి పరంజా చెక్కలు తెచ్చుకోండి. ఒక్కోటి మూడు పైపుల మీద ఆనాలి, అంటే తొమ్మిది పదడుగులు. కొప్పు అవతలి నుంచి తాడుతో కట్టాలి. ఒకదాని మీద ఉండి రెండోది ముందుకు జరుపుకోవాలి. చెక్క దిగి "ఒక్క అడుగే కదా" అనుకున్నారంటే అంతే.

అసలు నీళ్ళు కారే చోటు వెతకడానికి పైకెక్కడం దేనికి? మధ్యాహ్నం తలుపులు మూసి, లైటు ఆర్పి లోపల నిలబడండి. చుక్కలు చుక్కలుగా ఎండ కనపడే చోటల్లా పైపు మీద సుద్దతో గీత పెట్టండి, తూర్పు గోడ నుంచి ఎన్నో రేకో లెక్కపెట్టి రాసుకోండి. వానలో నీళ్ళు పడేచోటే చిల్లి ఉండాలని లేదు, పైపు వెంట జారి ఎక్కడో కారుతుంది. తడి గీత పట్టుకుని పైకి చూస్తూ పోవాలి.

బిగింపు తప్పులు చాలావరకు కింది నుంచే దొరుకుతాయి. బోల్టు రేకు గట్టు మీద ఉండాలి, గాడిలో వేస్తే నీళ్ళన్నీ దానిమీదుగానే పోతాయి. పై రేకు కింది రేకు మీద ఆరంగుళాలు ఎక్కాలి. నాలుగు రేకులు కలిసే మూలలో మధ్య రెండింటి కొసలు ఏటవాలుగా కోయాలి. కోయకపోతే రేకు సరిగా కూర్చోదు, కూర్చోలేదని బోల్టు బిగిస్తారు, బీట వస్తుంది. ఆ బీటకు డాంబర్ పూస్తే ఒక వానాకాలం ఆగుతుందేమో. రేకు మార్చాల్సిందే.

గాలికి లేస్తాయని రాళ్ళు, ఇటుకలు పెట్టకండి. రేకు లేచిన రోజు ఆ రాయి కింద పడుకున్నవాళ్ళ మీద పడుతుంది. బోల్టులు వేయించండి.

బెజ్జం మేకుతో కొట్టొద్దు, డ్రిల్లు వేయాలి. ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టుకు పది మిల్లీమీటర్ల బెజ్జం. తారు వాషర్ లేకుండా బిగించొద్దు. గ్రైండరుతో పొడిగా కోయొద్దు, ఈ రేకుల్లో కలిపే ఆస్‌బెస్టాస్ నార దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే రోగం ఏళ్ళ తర్వాత బయటపడుతుంది. తడిపి చేతిరంపంతో కోయండి. సర్వీసు వైరు రేకును తాకుతుంటే ముందు కరెంటు తీయించండి. మంచు తడి ఆరకముందు ఎక్కొద్దు. గాలి లేస్తే దిగిపోండి. తాగినవాణ్ణి ఎక్కించొద్దు. కోతుల్ని తరమడానికి ఎక్కొద్దు. బంతి కోసం పిల్లల్ని అసలే ఎక్కించొద్దు, తేలికగా ఉంటారులే అనుకోవద్దు. పని జరిగే చోటికి కింద ఎవర్నీ రానీయొద్దు. ఒంటరిగా ఎక్కొద్దు. చెక్కల ఖర్చు చూసి "ఈసారికి బోల్టుల మీదే నడుద్దాం" అనొద్దు. ఎవరైనా పడితే చంకల్లో చేతులేసి లేపొద్దు, మా వీధాయన్ని అలాగే లేపి ఆటోలో కూర్చోబెట్టారు. మెడ, నడుము కదలనీయకుండా పడుకున్న చోటే ఉంచి 108కి ఫోన్ చేయండి.